పదవి విడిచిన గిరిగారు

సంపాదకులవారికి,

అయ్యా,

ఒడిశాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలకు శ్రీ వరాహగిరి వెంకటగిరిగారు ఒకప్పటి రాష్ట్రపతి అని మాత్రమే తెలుసు. అంతకు ముందు వారు ఒక పెద్ద పదవిని వదులుకున్నారని ఎరిగినవారు తక్కువ. తరతరాలుగా గంజాంలో ఉంటున్న కుటుంబంవాణ్ణి కనుక ఆ సంగతి తమ పత్రిక ద్వారా నలుగురికీ మనవి చేయదలచాను.

గిరిగారు 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులుగారు న్యాయవాది. అప్పటికి గంజాం జిల్లా మదరాసు రాజధానిలోనిది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం కాగా బరంపురం అందులో చేరింది. ఇల్లు కదలకుండానే మనవారు పరరాష్ట్రవాసులైనారు.

గిరిగారు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. ఐరిష్ స్వాతంత్ర్యోద్యమకారులతో సంబంధం పెట్టుకున్నందున 1916లో తిరిగి రావలసివచ్చింది. కొంతకాలం ప్లీడరీ చేసి, సహాయ నిరాకరణ రోజుల్లో దానిని విడిచిపెట్టి, కార్మికుల పక్షం చేరారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితపరచి, 1928లో వారి సమ్మెను శాంతియుతంగా నడిపించారు. ఆ రైల్వేలో ఖరగ్‌పూర్ మొదలైనచోట్ల పని చేసినవారిలో తెలుగువారు అనేకులు. అఖిల భారత రైల్వే కార్మికుల ఫెడరేషను స్థాపకులలో కూడా ఆయన ఒకరు.

1937 ఎన్నికలలో బొబ్బిలిలో ఆనాటి మదరాసు ప్రధాని అయిన రాజావారినే ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు చూశారు. 1942 ఉద్యమంలో జైలుకు వెళ్ళారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై నెహ్రూగారి ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయినారు.

నేను చెప్పదలచిన ముచ్చట ఇక్కడిది. బ్యాంకు ఉద్యోగుల జీతాల తగాదాలో అప్పిలేట్ ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పును 1954లో ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేటట్లు సవరించింది. తీర్పులను గౌరవించమని కార్మికులకు చెప్పే మంత్రి, ప్రభుత్వమే తీర్పును మార్చితే ఏ ముఖం పెట్టుకొని కుర్చీలో ఉండగలడు? గిరిగారు ఆగస్టులో రాజీనామా ఇచ్చి బయటికి వచ్చారు. తరువాత ఆ విషయం విచారించడానికి ప్రభుత్వం కమిషను వేయవలసివచ్చింది.

పిమ్మట ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగాను, 1967లో ఉపరాష్ట్రపతిగాను పనిచేశారు. 1969లో స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి, రెండవ ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కించిన మీదట 4,20,077 ఓట్ల విలువతో రాష్ట్రపతి అయినారు. ప్రత్యర్థి నీలం సంజీవరెడ్డిగారికి వచ్చినది 4,05,427. పోటీపడిన ఇద్దరూ తెలుగువారే కావడం మనకు ముచ్చటే.

అయితే ఒక మాట దాచరాదు. 1974 మేలో రైల్వే కార్మికులు దేశమంతటా సమ్మె చేసినప్పుడు ప్రభుత్వం వేలాదిమందిని నిర్బంధించింది. ఆనాడు రాష్ట్రపతి గిరిగారే. తాను పెంచిన ఫెడరేషనువారే జైళ్ళలో ఉండగా ఆయన పదవిలోనే ఉన్నారు. రాష్ట్రపతి మంత్రివర్గ సలహాపై నడవాలన్న మాట నిజమే. కాని 1954లో దారి చూపినవారిని 1974లోనూ అదే అడగాలనిపించడం సహజం. నా మటుకు నేను, ఆ ప్రశ్న వారి గొప్పతనాన్ని తగ్గించదనే అనుకుంటాను. మొదటి రాజీనామా అంత గొప్పది కనుకనే ఈ ప్రశ్న పుట్టింది.

1975లో భారతరత్న పొంది, 1980 జూన్ 24న మదరాసులో ఆయన కన్నుమూశారు. ఆగస్టు 10న మన తెలుగు సంఘాలు ఆయన పటానికి పూలదండ వేస్తే చాలదు. పిల్లలకు ఈ రెండు సంవత్సరాల కథా చెప్పాలి. ఆయన అధిరోహించిన పదవుల పట్టిక కంటె అదే వారికి ఎక్కువ నేర్పుతుంది.

ఇట్లు,
ఒక పాత పాఠకుడు,
బరంపురం.