జింజాబురో తకాగి

జింజాబురో తకాగి (జూలై 18, 1938 - అక్టోబరు 8, 2000) జపాను దేశానికి చెందిన అణు రసాయన శాస్త్రవేత్త, అణువిద్యుత్ వ్యతిరేకోద్యమ నాయకుడు. మయెబాషిలో జన్మించాడు. టోక్యో విశ్వవిద్యాలయంలో చదివి, 1961లో అణు పరిశ్రమలోనే ఉద్యోగంలో చేరాడు. అనంతరం టోక్యో మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడైనా 1973లో ఆ పదవిని వదులుకున్నాడు. 1975లో పౌర అణు సమాచార కేంద్రం స్థాపకులలో ఒకడు.

ప్లుటోనియం నౌక

జపాను రియాక్టర్లలో వాడిన ఇంధనం నుండి ఫ్రాన్సులో ప్లుటోనియంను వేరుచేసేవారు. మోంజు ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు కొరకు అందులో సుమారు ఒకటిన్నర టన్నులతో అకత్సుకి మారు నౌక 1992 నవంబరులో షెర్‌బూర్ రేవు నుండి బయలుదేరింది. ప్రయాణ మార్గాన్ని రహస్యంగా ఉంచారు. ప్రమాదం జరిగితే తీరప్రాంతాల గతి ఏమిటని పలు దేశాలు అభ్యంతరం తెలిపాయి. ఈ నిరసనకు శాస్త్రీయ ఆధారాలను సమకూర్చినవారిలో తకాగి ముఖ్యుడు. స్వయంగా అణు రసాయన శాస్త్రం తెలిసినవాడు కావడం వలన అతని విమర్శను అజ్ఞానమని కొట్టివేయడం ప్రభుత్వానికి సాధ్యపడలేదు. నౌకా రవాణానే కాక, బాంబు తయారీకి పనికివచ్చే ప్లుటోనియంను ఇంధనంగా వాడే విధానాన్నే అతడు వ్యతిరేకించాడు.

నౌక మాత్రం ఆగలేదు. 1993 జనవరి 5న టోకై రేవు చేరింది. మోంజులో 1995 డిసెంబరులో సోడియం లీకై మంటలు చెలరేగాయి. దానిని శాశ్వతంగా మూసివేయాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించింది.

తకాగి 1997లో మైకల్ ష్నైడర్‌తో కలిసి రైట్ లైవ్లీహుడ్ పురస్కారాన్ని అందుకున్నాడు. క్యాన్సర్ వ్యాధితో మరణించాడు. అతని కోరిక మేరకు పౌర విజ్ఞానానికి తోడ్పడే తకాగి నిధి ఏర్పడింది.