శిలలను చదివిన సాహ్ని

అమీరుపేట, పంజగుట్టల క్రింది గ్రానైటు ఆకు జాడ నెఱుగదు; అది నేల లోతున కరగి గడ్డకట్టిన రాయి. వికారాబాదు మొదలు పడమటికి పరచుకొన్న నల్లరాతి ప్రవాహముల నడిమి పొరలే సుమారు 6.6 కోట్ల యేండ్లనాటి వనముల దాచినవి. మన రాతిని పరదేశీయులే చదివి చెప్పెడు దినములలో ఆ విద్యను స్వదేశమున నాటినవాడు బీర్బల్ సాహ్ని.

1891లో భేరాలో జన్మించి, కేంబ్రిడ్జిలో సీవార్డు నొద్ద నేర్చి, 1921 నుండి లక్నోలో బోధించెను. నునుపైన అంచుల ఆకులు మిక్కుటమైన వేడిదేశమనియు, రంపపు అంచులవి మిక్కుటమైన చల్లని దేశమనియు శాస్త్రజ్ఞులు గణింతురు. అయితే ఒక్క ఆకు సాక్ష్యము చాలదు. సాహ్ని కాయలను, మ్రాకులను గూడ పరీక్షించెను. ఛింద్వాడా జిల్లా మోహగాఁవులో ఉప్పుటేళ్ల యొడ్డున పెరిగెడు నీపా తాటి కాయలు శిలలై దొరకెను. సముద్రమున కెంతో దూరమైన ఆ మిట్టనేల నొకనాడు ఉప్పునీ రాడెనన్నమాట!

1949 ఏప్రిల్ 3న నెహ్రూ ఆయన పరిశోధనాలయమునకు శంకుస్థాపన గావించెను. 10వ తేదీననే సాహ్ని గతించెను. భార్య సావిత్రి యా భారమును వహించి, భవనమును లేవనెత్తించెను.