ఖాన్ఖా నుంచి తఖ్తుకు, తఖ్తు నుంచి చెరకు

కూచిపూడి పేరు వినని తెలుగువారు ఉండరు. కాని ఆ ఊరిని భాగవతులకు అగ్రహారంగా వ్రాసి ఇచ్చినది గోల్కొండ పాదుషా తానీషా అని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? పదో తరగతి దాటిన పిల్లలు మా దగ్గరకు వచ్చి, ఏ చదువు చదివితే ఏ ఉద్యోగం వస్తుందో ఖచ్చితంగా చెప్పమంటారు. అది మా వల్ల అయ్యే పని కాదు. అందుకే, రేపు ఏమవుతుందో తెలియకుండానే తయారైన ఒక మనిషిని గురించి ఈ సంచికకు వ్రాస్తున్నాము.

ఆయన అసలు పేరు అబుల్ హసన్. కుతుబ్ షాహీ వంశానికి దూరపు బంధువే అయినా, దర్బారులో ఆయనను పట్టించుకున్నవారు లేరు. గుల్బర్గా ఖ్వాజా బందేనవాజ్ వంశీయులైన షా రాజూ అనే సూఫీ హైదరాబాదులో ఉండేవారు. అబుల్ హసన్ ఆయన ఖాన్ఖాలో చేరి సుమారు 14 ఏళ్ళు గడిపాడని చెబుతారు. ఖాన్ఖా అంటే తిని కూర్చునే చోటు కాదు. వచ్చిన ఫకీరుకు వడ్డించాలి, పీర్ గారి ఖిద్మత్ చెయ్యాలి, దొరికిన దానికి షుకర్ చెప్పాలి, దొరకనప్పుడు సబర్ చెయ్యాలి. తానాషా అన్నది ముర్షిద్ ముద్దుగా పెట్టిన పేరేనంటారు. తెలుగువారి నోట అది తానీషా అయింది. ఈనాడు ఉర్దూలో తానాషాహీ అంటే నియంతృత్వమనే అర్థం స్థిరపడిపోయింది! ఆ ఫకీరు మనిషికి ఇది అన్యాయమే.

అబ్దుల్లా కుతుబ్ షాకు కొడుకులు లేరు. మూడవ కూతురి పెళ్ళికి నిశ్చయమైన వరుడితో చివరి క్షణంలో తగవు వచ్చి, ఖాన్ఖాలో ఉన్న అబుల్ హసన్‌ను తీసుకువచ్చి నికాహ్ చేశారు. 1672లో మామగారు పోయినప్పుడు అమీర్లు ఈ అల్లుణ్ణే తఖ్తు మీద కూర్చోబెట్టారు.

పాదుషాగా ఆయన లోపం లేనివాడని మేము అనము. రాజ్యభారమంతా మాదన్నకు, ఆయన సోదరుడు అక్కన్నకు వదిలేశాడు. సర్కారు పైకంతో భద్రాద్రిలో గుడి కట్టించిన కంచెర్ల గోపన్న చెరలో మగ్గింది ఈయన కాలంలోనే. అయితే హిందువైన మాదన్నను పేష్వాగా పెట్టుకోవడానికి మాత్రం వెనుకాడలేదు.

1678లో ఆయన మన మచిలీపట్నం వైపు వచ్చాడు. ఆ ప్రయాణంలోనే సిద్ధేంద్ర యోగి సంప్రదాయపు భాగవతుల ఆట చూసి మెచ్చుకుని, కళను వదలకుండా సాగించమని కూచిపూడిని ఇనాముగా ఇచ్చాడని పెద్దలు చెబుతారు. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి ఇండ్లవారు తరతరాలుగా ఆ ఊళ్ళోనే ఆట సాగించారు.

1686లో మాదన్న, అక్కన్నలను వీధిలో నరికి చంపారు. మరుసటి ఏడు ఔరంగజేబు సైన్యం గోల్కొండను చుట్టుముట్టి ఎనిమిది నెలలు కూర్చుంది. కోట ఫిరంగులకు లొంగలేదు. 1687 సెప్టెంబరులో లోపలివాడే ఒకడు లంచం తిని రాత్రిపూట తలుపు తెరిచాడు. అబ్దుర్రజ్జాక్ లారీ ఒళ్ళంతా గాయాలతో పోరాడి పడిపోయాడు.

మొగలు సర్దారులు మహలులోకి వచ్చేసరికి తానీషా ముందుగా జనానా వారిని ఓదార్చి, తప్పులుంటే మన్నించమని సెలవు తీసుకున్నాడు. తరువాత వచ్చినవారికి సలాం చేసి కూర్చోబెట్టాడు. భోజనం వేళ కాగానే దస్తర్‌ఖాన్ వేయించుకుని మామూలుగా తిన్నాడు. ఇటువంటి సమయంలో ముద్ద ఎలా దిగుతుందని వారు విస్తుపోయారు. తాను ఫకీరుగా బ్రతికినవాడినని, అడగకుండానే అల్లా రాజ్యమిచ్చాడని, ఇప్పుడు తీసుకున్నాడని, ఆయన దయ మీద నమ్మకం పోలేదని జవాబిచ్చినట్లు ఖాఫీ ఖాన్ చరిత్రలో వ్రాశాడు. ఖాఫీ ఖాన్ మొగలుల పక్షం మనిషి. శత్రువును పొగడవలసిన అవసరం ఆయనకేమీ లేదు. 14 ఏళ్ళ ఖాన్ఖా చదువుకు పరీక్ష ఆ ఒక్క పూటే జరిగిందని మాకు అనిపిస్తుంది.

తరువాత సుమారు పన్నెండేళ్ళు దౌలతాబాదు కోటలో, చీనీ మహల్‌లో బందీగా ఉండి అక్కడే కన్నుమూశాడు. గోల్కొండ దగ్గర తాత ముత్తాతల గుంబజుల మధ్య ఆయన సమాధి లేదు. ఖుల్దాబాదులో, తన ముర్షిద్ పేరే గల పూర్వపు సూఫీ రాజూ కత్తాల్ దర్గా ఆవరణలో ఖననం చేశారు.