మార్కీ ద కోందోర్సే

మార్కీ ద కోందోర్సే (సెప్టెంబరు 17, 1743 - మార్చి, 1794) ఫ్రాన్సు దేశానికి చెందిన గణిత శాస్త్రవేత్త, తత్త్వవేత్త, రాజకీయ నాయకుడు. అనేక ప్రత్యామ్నాయాలలో ఒకదానిని ఎన్నుకొనవలసి వచ్చినపుడు, వాటిని రెండేసి చొప్పున జతలుగా పోల్చి నిర్ణయించే పద్ధతిని గణితపరంగా పరిశీలించినవారిలో ప్రముఖుడు. ఈయన పూర్తి పేరు మరీ జాన్ ఆంత్వాన్ నికొలా ద కారితా.

బాల్యము, విద్య

కోందోర్సే ఉత్తర ఫ్రాన్సులోని రిబ్మాన్ అనే ఊరిలో జన్మించాడు. సైన్యంలో అధికారిగా పనిచేసిన తండ్రి, కుమారుడు పుట్టిన కొద్దికాలానికే మరణించాడు. రీమ్స్‌లోని జెసూట్ పాఠశాలలోను, పిమ్మట పారిస్‌లోని నవార్ కళాశాలలోను చదివాడు. 1765లో సమాకలన గణితంపై గ్రంథం ప్రచురించాడు. 1769లో శాస్త్ర అకాడమీ సభ్యుడై, 1776లో దానికి శాశ్వత కార్యదర్శి అయ్యాడు. 1786లో విదుషీమణి సోఫీ ద గ్రూషీని వివాహమాడాడు.

జతల పోలిక

అధికసంఖ్యాకుల తీర్పు ఎంతవరకు సరియైనదో సంభావ్యతా సిద్ధాంతంతో పరిశీలిస్తూ 1785లో ఈయన వ్రాసిన గ్రంథం ముఖ్యమైనది. అందరికంటె ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచినట్లు అనడంలోని లోపాన్ని ఇందులో చూపాడు. ఉదాహరణకు క, చ, ట అనే ముగ్గురు అభ్యర్థులకు 60 మంది ఓటర్లు ఉన్నారనుకొందాం. 23 మంది క-ట-చ అనే వరుసలోను, 19 మంది చ-ట-క, 16 మంది ట-చ-క, ఇద్దరు ట-క-చ అనే వరుసలలోను ఇష్టపడ్డారు. మొదటి స్థానాలు మాత్రమే లెక్కిస్తే 23 ఓట్లతో క గెలుస్తాడు. 18 ఓట్లతో ట చివర నిలుస్తాడు. జతలుగా పోలిస్తే ఫలితం తారుమారవుతుంది. ట, కపై 37-23 తేడాతోను, చపై 41-19 తేడాతోను నెగ్గుతాడు. మన లోక్‌సభ, శాసనసభ ఎన్నికలలో లెక్కించేది మొదటి ఎంపికను మాత్రమే.

అయితే జతల పోలికలో ఒక చిక్కు ఉన్నదని కూడా కోందోర్సే స్వయంగా గుర్తించాడు. తన పద్ధతికే ఇబ్బంది కలిగించే ఈ విషయాన్ని దాచకపోవడం ఆయన నిజాయితీకి నిదర్శనం. ఓటర్లకు బదులు గుణాలను తీసుకొన్నా ఇదే చిక్కు వస్తుంది. ఒక రైతు దిగుబడి, పంటకాలం, తెగుళ్ళను తట్టుకొనే శక్తి అనే మూడు గుణాలతో మూడు వరి వంగడాలను పోల్చాడనుకొందాం. మొదటిది రెండవదానికంటె రెండు గుణాలలో మేలు, రెండవది మూడవదానికంటె రెండింటిలో మేలు, మూడవది మళ్ళీ మొదటిదానికంటె రెండింటిలో మేలు కావచ్చును. అప్పుడు ఉత్తమమైనది ఏదో తేలదు. దీనిని కోందోర్సే విరోధాభాసం అంటారు.

విప్లవము, మరణము

బానిసత్వ నిర్మూలనను, స్త్రీలకు పౌరహక్కులను సమర్థించాడు. 1792లో అందరికీ విద్య అందించే ప్రణాళికను శాసనసభకు సమర్పించాడు. తీర్పులో పొరపాటు జరిగితే మరణశిక్షను సరిదిద్దుకొనే వీలుండదన్నది ఆయన వాదం. అందువలన 1793 జనవరిలో రాజు 16వ లూయీ విచారణలోను ఆ శిక్షకు ఓటు వేయలేదు. అధికసంఖ్యాకుల నిర్ణయాలపై గ్రంథం వ్రాసిన ఈయనకు ఆ రోజు అధికసంఖ్యాకుల తీర్పు ప్రతికూలంగా వచ్చింది.

జాకోబిన్ల రాజ్యాంగాన్ని విమర్శించినందుకు 1793 జూలైలో ఆయన అరెస్టుకు ఆదేశం వెలువడింది. మదాం వెర్నే అనే ఆమె పారిస్‌లోని తన ఇంటిలో సుమారు ఎనిమిది నెలలు ఆశ్రయమిచ్చింది. మానవ ప్రగతిపై ప్రసిద్ధ రచన చేసినది ఈ అజ్ఞాతవాసంలోనే. అది మరణానంతరం 1795లో వెలువడింది. ఆమెకు ప్రమాదం కలుగుతుందని 1794 మార్చిలో ఇల్లు వదలి, రెండు రోజులకే క్లామార్‌లో పట్టుబడ్డాడు. బూర్-లా-రేన్ చెరలో మరణించి కనిపించాడు. అది విషం వలననా, నీరసం వలననా అన్నది తేలలేదు. 1989లో పారిస్‌లోని పాంథియోన్‌లో గౌరవార్థం ఉంచిన ఈయన శవపేటిక ఖాళీది. అవశేషాలు అంతకు చాలాకాలం ముందే లభ్యం కాకుండా పోయాయి.

తరువాతి కాలము

కోందోర్సే చిక్కు 1951లో కెన్నెత్ ఆరో ప్రచురించిన అసాధ్యతా సిద్ధాంతంతో మళ్ళీ చర్చకు వచ్చింది. 1970 దశకంలో థామస్ సాటీ రూపొందించిన బహుళ ప్రమాణాల నిర్ణయ పద్ధతి నేరుగా కోందోర్సే నుండి వచ్చినది కాకపోయినా, దానికీ జతల పోలికే ఆధారం. ఇందులో ఒక్కొక్క జతకు 1 నుండి 9 వరకు అంకెలు వేస్తారు. పోలికల మధ్య పొంతన ఎంత లోపించినదో కూడా లెక్కించి, ఆ నిష్పత్తి 0.1 దాటితే పోలికలను మరల సరిచూసుకొంటారు.