సతీష్ ధావన్

సతీష్ ధావన్ (సెప్టెంబరు 25, 1920 - జనవరి 3, 2002) సుప్రసిద్ధ భారతీయ ఏరోస్పేస్ శాస్త్రవేత్త, భారత అంతరిక్ష పరిశోధన సంస్థ (ఇస్రో) పూర్వ అధ్యక్షుడు. భూమిని పరిశీలించే ఉపగ్రహాలను దేశ ప్రజల నిత్యావసరాలకు వినియోగించే వ్యవస్థ ఈయన హయాములోనే రూపుదిద్దుకొన్నది.

బాల్యము, విద్యాభ్యాసము

ధావన్ శ్రీనగర్‌లో జన్మించాడు. లాహోరులోని పంజాబ్ విశ్వవిద్యాలయము నుండి గణిత, భౌతిక శాస్త్రాలలో బి.ఎ., ఆంగ్ల సాహిత్యములో ఎం.ఎ., మెకానికల్ ఇంజనీరింగులో బి.ఇ. పట్టాలు పొందాడు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఎం.ఎస్. చేసి, 1951లో కాల్‌టెక్ నుండి పి.హెచ్‌డి. పొందాడు. అదే సంవత్సరము బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరాడు. తరువాత 1981 వరకు దాదాపు రెండు దశాబ్దాలు ఆ సంస్థకు డైరెక్టరుగా ఉన్నాడు.

ఇస్రో అధ్యక్షునిగా

1971 డిసెంబరులో విక్రమ్ సారాభాయ్ మరణించాడు. కొద్ది నెలలు ఎం.జి.కె. మీనన్ బాధ్యతలు నిర్వహించిన పిమ్మట, 1972లో ధావన్ ఇస్రో అధ్యక్షుడయ్యాడు. విజ్ఞాన సంస్థ పదవిని వదలకుండానే 1984 వరకు ఈ బాధ్యత వహించాడు.

1979 ఆగష్టు 10న శ్రీహరికోట నుండి జరిగిన తొలి ఎస్.ఎల్.వి.-3 ప్రయోగము విఫలమైనది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలామ్. అయినను విలేఖరుల ఎదుట వైఫల్య బాధ్యతను ధావన్ తనపై వేసుకొన్నాడు. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహము కక్ష్యలో చేరినపుడు మాత్రము విలేఖరులతో మాట్లాడే అవకాశమును కలామ్‌కే ఇచ్చాడు.

భూపరిశీలన ఉపగ్రహాలు

భారతదేశపు తొలి ప్రయోగాత్మక భూపరిశీలన ఉపగ్రహము భాస్కర-1 జూన్ 7, 1979న సోవియట్ రాకెట్టుపై వెళ్ళినది. అడవులు, జలవనరుల పరిశీలనకు టి.వి. కెమెరాలు, సముద్ర వాతావరణ అధ్యయనానికి మైక్రోవేవ్ రేడియోమీటరు ఇందులో ఉన్నవి. కెమెరాలు చాలాకాలము పనిచేయలేదు. ఆ అనుభవముతో 1981 నవంబరులో భాస్కర-2ను పంపారు.

చిత్రాలను అందుకొని విశ్లేషించే పని హైదరాబాదు చేపట్టినది. బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన సంస్థ (ఎన్.ఆర్.ఎస్.ఎ.) షాద్‌నగర్ వద్ద నెలకొల్పిన కేంద్రము 1979 నుండి అమెరికా వారి లాండ్‌శాట్ సమాచారమును స్వీకరించినది. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998కి ఇది 19 ఏళ్ళ ముందటి మాట. 1980లో ఎన్.ఆర్.ఎస్.ఎ. ధావన్ కార్యదర్శిగా ఉన్న అంతరిక్ష శాఖ పరిధిలోకి వచ్చినది.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలాదిమంది మరణించినప్పుడు భారతదేశానికి స్వంత వాతావరణ ఉపగ్రహము లేదు. 1983లో కక్ష్యలో చేరిన ఇన్సాట్-1బి మేఘ చిత్రాలను పంపసాగినది. తరువాత ఆంధ్ర, తమిళనాడు తీర గ్రామాలకు తుఫాను హెచ్చరికలు దీని ద్వారానే నేరుగా అందాయి.

ధావన్ పదవీ విరమణ తరువాత, మార్చి 17, 1988న ఐ.ఆర్.ఎస్.-1ఎ ప్రయోగింపబడినది. 72.5, 36.25 మీటర్ల స్పష్టత గల దాని చిత్రాలు షాద్‌నగర్‌కు చేరేవి. పంటల విస్తీర్ణము, బంజరు భూములు, భూగర్భ జలాల అన్వేషణకు అవి ఉపకరించాయి.

పురస్కారాలు, మరణము

ఈయనకు పద్మభూషణ్ (1971), పద్మవిభూషణ్ (1981) లభించాయి. పక్షులు ఎగిరే విధానముపై ఒక గ్రంథము కూడా రచించాడు. జనవరి 3, 2002న బెంగుళూరులో మరణించాడు. అదే సంవత్సరము సెప్టెంబరులో శ్రీహరికోట కేంద్రానికి సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రము అని పేరు పెట్టారు. ఎన్.ఆర్.ఎస్.ఎ. 2008లో జాతీయ దూరసంవేదన కేంద్రముగా మారి ఇస్రోలో భాగమైనది.