టుపాక్ షకూర్: 25 ఏళ్లకే తూటాలకు బలి.. అమ్మ కోసం రాసిన పాట మాత్రం చరిత్రలో నిలిచింది!

ర్యాప్ అంటే స్పీడ్‌గా మాటలు కలిపి పాడేయడమే అనుకుంటారు చాలామంది. కానీ బీట్ తీసేసి కాగితం మీద చదివినా కవితలా నిలబడే ర్యాప్ కూడా ఉంది. అలా రాసినవాళ్లలో ముందుగా వినిపించే పేర్లలో ఒకటి టుపాక్ షకూర్. ఈ అమెరికన్ ర్యాపర్ 1996లో చనిపోయాడు. మైక్ కంటే ముందు నోట్‌బుక్ పట్టిన ఆ కుర్రాడి జీవితం ఎలా సాగిందో చూద్దాం..

కడుపులో బిడ్డతో జైల్లో తల్లి

టుపాక్ తల్లి అఫేని షకూర్.. నల్లజాతీయుల హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ సభ్యురాలు. న్యూయార్క్‌లో బాంబు దాడులకు కుట్ర పన్నారంటూ 1969లో పోలీసులు 21 మందిపై కేసు పెట్టారు. వారిలో ఆమె ఒకరు. గర్భంతో జైల్లో ఉండి కూడా, లాయర్ లేకుండా తన కేసు తానే వాదించుకున్నారు. 1971 మేలో నిర్దోషిగా బయటికొచ్చారు. దాదాపు నెల రోజులకే, జూన్ 16న టుపాక్ పుట్టాడు. స్పెయిన్ పాలకులపై తిరగబడి 1781లో ప్రాణాలు అర్పించిన పెరూ వీరుడు రెండో టుపాక్ అమారు పేరునే ఆమె కొడుక్కి పెట్టుకున్నారు.

నోట్‌బుక్ నిండా కవితలు

పేరు పెద్దదే.. ఇంట్లో మాత్రం పేదరికం. బాల్టిమోర్‌కు మారాక అక్కడి ఆర్ట్స్ స్కూల్‌లో టుపాక్ నటన, కవిత్వం, బ్యాలే నేర్చుకున్నాడు. షేక్‌స్పియర్ నాటకాల్లో వేషాలు వేశాడు. 1988లో కుటుంబం కాలిఫోర్నియాకు వెళ్లడంతో ఆ చదువు మధ్యలోనే ఆగిపోయింది. తల్లి క్రాక్ కొకైన్‌కు బానిసయ్యారు. తల్లీకొడుకుల మధ్య దూరం పెరిగింది. 1989లో లీలా స్టైన్‌బర్గ్ అనే టీచర్ నడిపే కవిత్వ క్లాసుల్లో చేరాడు. అప్పట్లో అతను చేత్తో రాసుకున్న కవితలే చనిపోయాక 1999లో 'ద రోజ్ దట్ గ్రూ ఫ్రమ్ కాంక్రీట్' అనే పుస్తకంగా వచ్చాయి.

పేపర్లో వార్త చదివి..

1991లో తొలి ఆల్బమ్ విడుదలైంది. అందులో 'బ్రెండాస్ గాట్ ఎ బేబీ' అందరినీ కదిలించింది. 12 ఏళ్ల బాలిక తల్లి కావడం, ఆ పసికందును చెత్తలో వదిలేయడం గురించి పేపర్లో చదివి రాసిన పాట ఇది. ఒక్క గుక్కలో చెప్పిన కథలా సాగుతుంది. అయితే టుపాక్ ఆ పిల్లను ఎక్కడా తిట్టడు. ఇల్లు, వీధి, డబ్బు ఆమెను ఎలా ఒంటరిని చేశాయో ఒక్కో అడుగు చూపిస్తాడు. 1993లో వచ్చిన 'కీప్ యా హెడ్ అప్'లో ఒంటరి తల్లులకు ధైర్యం చెప్పాడు.

చెరగని మచ్చ

అయితే ఆడవాళ్ల తరఫున రాసిన ఇతనే, వాళ్లను కించపరిచే పాటలు కూడా పాడాడు. అంతేకాదు.. ఓ యువతి పెట్టిన లైంగిక దాడి కేసులో 1994 డిసెంబర్ 1న కోర్టు అతన్ని దోషిగా తేల్చింది. ఆ తప్పు తాను చేయలేదని టుపాక్ చెబుతూ వచ్చాడు. తీర్పుకు ముందు రోజే న్యూయార్క్‌లోని ఓ స్టూడియో దగ్గర అతనిపై కాల్పులు జరిగాయి. దీంతో వీల్‌చైర్‌లో కోర్టుకు రావాల్సి వచ్చింది. అభిమానులు ఈ విషయాన్ని దాటేస్తుంటారు.. కానీ టుపాక్ కథలో ఇదీ ఉంది.

జైల్లో ఉండగానే నంబర్ వన్

1995 మార్చిలో 'మీ అగెయిన్‌స్ట్ ద వరల్డ్' ఆల్బమ్ వచ్చేసరికి టుపాక్ జైల్లో ఉన్నాడు. అయినా అది బిల్‌బోర్డ్ చార్ట్‌లో నంబర్ వన్ అయింది. జైలు శిక్ష అనుభవిస్తూ ఈ ఘనత సాధించిన తొలి ఆర్టిస్ట్ అతనే. 'డియర్ మామా' అందులోదే. అమ్మను పొగుడుతూ ఆమె వ్యసనాన్ని దాచలేదు. ఆ వ్యసనాన్ని చూసి ఆమె పడిన కష్టాన్నీ మర్చిపోలేదు. రెండూ నిజమేనని ఒకే పాటలో ఒప్పుకున్నాడు. ఆ పాట బలమంతా అక్కడే ఉంది.

వేగాస్ రోడ్డుపై కాల్పులు

1995 అక్టోబర్‌లో బెయిల్‌పై బయటికొచ్చాడు. కానీ ఏడాది కూడా గడవలేదు.. 1996 సెప్టెంబర్ 7న లాస్ వేగాస్‌లో మైక్ టైసన్ ఫైట్ చూసి వెళ్తుండగా కారుపై తూటాలు కురిశాయి. ఆరు రోజులు ప్రాణాలతో పోరాడి 13న కన్నుమూశాడు. ఈ హత్య కేసులో ఒకరిని అరెస్ట్ చేయడానికి 27 ఏళ్లు పట్టింది.

మరుసటి ఏడాదే బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో విద్యార్థులు అతని కవిత్వంపై కోర్సు నడిపారు. 2010లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 'డియర్ మామా'ను భద్రపరచాల్సిన రికార్డింగ్‌ల జాబితాలో చేర్చింది. ఇక అఫేని వ్యసనం నుంచి బయటపడ్డారు. 2016లో చనిపోయే వరకు కొడుకు పాటలను, రాతలను కాపాడే పనిలోనే ఉన్నారు. నోట్‌బుక్‌లోని ఆ కవితలు ఈరోజు మనం చదవగలుగుతున్నామంటే అందులో ఆ తల్లి పాత్ర కూడా ఉంది.