కర్షకుని ధనమునకు కాపు: డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారి జీవితము

గ్రంథాలయ రజతోత్సవ సంచికలలో కవులను, పండితులను స్మరించుట ఆచారము. పల్లెవాని రూకకు రక్షణ కల్పింపబూనిన మహనీయుని స్మరించుటయు మన ధర్మమే. గ్రంథాలయమునకు చందా రావలెనన్న పంట చేతికి రావలయును. పంటకు పెట్టుబడి కావలయును. ఆ పెట్టుబడిని ఎవ్వరియొద్ద తేవలెను, పంట యమ్మిన సొమ్మును ఎచ్చట దాచవలెను అనునవి రైతు బ్రతుకులో తప్పించుకొనరాని ప్రశ్నలు. కృష్ణాతీరమున వానికి సమాధానము వెదకినవారిలో అగ్రగణ్యులు డాక్టరు పట్టాభిగారు.

వీరు 1880వ సంవత్సరము నవంబరు 24వ తేదీని, ఏలూరునకు చేరువనున్న గుండుగొలను గ్రామమున జన్మించిరి. బాల్యముననే తండ్రిని గోలుపోయిరి. కలిమి లేకున్నను చదువు విడువక, మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, పిమ్మట వైద్యశాస్త్రము నభ్యసించి మచిలీపట్టణమున వైద్యవృత్తి నారంభించిరి. అచట కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావుగార్లతో గలిసి ఆంధ్ర జాతీయ కళాశాలా స్థాపనమునకు పాటుపడిరి. అది 1910లో వెలసెను. క్రమముగా వైద్యమును విడిచి వీరు దేశసేవకే తమ కాలమును వినియోగించిరి.

ఆనాటి రైతు స్థితి యెట్టిది? బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైన పిదప డెల్టా భూములు సస్యశ్యామలములయ్యెను. కాని నేల పండినంతమాత్రమున చేత రొక్కము నిలువదు. విత్తనములకు, నాట్లకు, ఎడ్లకు, సర్కారు కిస్తునకు అదను తప్పక సొమ్ము కావలయును. అంతట రైతు షావుకారుకడకు బోయి ప్రోనోటు వ్రాసియిచ్చును. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ యనిన స్వల్పముగ తోచును. లెక్కకట్టి చూడుడు. నూరు రూపాయల అప్పు, ఏటేట వడ్డీని అసలులో కలిపి పత్రము తిరుగవ్రాయుచు బోయిన, మూడేండ్లకు 190 రూపాయలు దాటును. ధాన్యము కళ్ళములోనే అప్పులవాని ధరకు పోవును. పిమ్మట పొలమును పోవును.

బ్యాంకులను నమ్ముదమన్నను భయమే. 1906లో మద్రాసునందలి అర్బత్నాట్ కంపెనీ దివాలా తీయగా, ఎందరో దాచుకొన్న సొమ్ము నష్టపోయిరి. ఒకవైపు అప్పు భయము, ఒకవైపు దాపు భయము. ఈ రెంటినడుమ రైతును నిలువబెట్టుటయే పట్టాభిగారి యెదుట నున్న పని.

1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. 1912 నాటి చట్టము అట్టి సంఘములకు ధనము సమకూర్చు కేంద్ర బ్యాంకులకు వీలు కల్పించెను. ఈ యవకాశమును గ్రహించి వీరు 1915లో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు స్థాపనమునకు పూనుకొనిరి. గ్రామసంఘము ఇరుగుపొరుగు వారిది. ఎవని పొలమెంత, ఎవని నడవడి యెట్టిది అనునది సభ్యులకు తెలియును. అప్పు పైరునుబట్టి యిచ్చి పంటనాడు రాబట్టవచ్చును. సహకారమునకు గల బలమిదియే. బలహీనతయు నిదియే. బంధుప్రీతితో నిచ్చిన అప్పు మొండిపడిన, నష్టము అందరి నెత్తిన బడును.

పైరు అప్పొక్కటియే చాలదు. దాచుకొన్న సొమ్మునకు చోటు కావలయును, వర్తకునకు హుండీ నడువవలయును. అందులకై 1923లో మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. అది నవంబరు 20వ తేదీని రిజిస్టరై, 28వ తేదీని పని ప్రారంభించెను. చెల్లించిన మూలధనము లక్ష రూపాయలు.

అయితే అడిగిన తక్షణము తిరిగి యీయవలసిన డిపాజిట్టును, ఇరువదియేండ్లకు తీరు భూమి అప్పులో పెట్టుట అపాయకరము. పాత ఋణములు తీర్చి పొలము విడిపించుకొనుటకు వేరు సంస్థ కావలయును. కావుననే 1927లో వడ్లమన్నాడు భూమి తనఖా బ్యాంకు ఏర్పడెను. 1925లో ఆంధ్రా ఇన్స్యూరెన్సు కంపెనీ, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్స్యూరెన్సు కంపెనీ వీరి కృషి ఫలములే. ఏ యవసరమునకు ఆ సంస్థ యనునదే ఈ పరంపరలోని కీలకము.

1930 తరువాత ధాన్యపు ధరలు కూలెను. సంఘములలో బకాయిలు పేరుకొనెను. తుదకు 1938లో మద్రాసు ప్రభుత్వము వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టమును దెచ్చెను. ధర పడినపుడు సహకారమైనను, బ్యాంకైనను రైతును పూర్తిగ కాపాడజాలవని ఆ కాలము నేర్పెను.

పట్టాభిగారి రాజకీయ జీవితము లోకవిదితము. 1935లో కాంగ్రెసు చరిత్రను వెలువరించిరి. 1939లో కాంగ్రెసు అధ్యక్షపదవికి సుభాస్ చంద్ర బోసుతో పోటీచేసి ఓడిరి. 1942లో అహమ్మదునగరు కోటలో బందీలైరి. 1948లో జయపుర కాంగ్రెసునకు అధ్యక్షులైరి. 1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ గవర్నరుగ నుండి, 1959 డిసెంబరు 17వ తేదీని పరమపదించిరి.

వీరి పిదప భారత లక్ష్మీ బ్యాంకు 1964లో ఆంధ్రా బ్యాంకున కలిసెను. ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1వ తేదీని యూనియన్ బ్యాంకులో విలీనమయ్యెను. పేరు పోయినందులకు ఆంధ్రులు బాధపడిరి. ఖాతాదారుల సొమ్మునకు లోటు రాలేదు. 1906 నాటి వార్తకును, 2020 నాటి వార్తకును గల భేదము గమనింపదగినది.

నేడు బ్యాంకు నెన్నుకొను రైతు పట్టాభిగారి వివేకమునే యనుసరింపవచ్చును. పైరు అప్పా, పొలము అప్పా, దాపు సొమ్మా అని మొదట తేల్చుకొనవలయును. వడ్డీని నెలకు గాక యేటికి లెక్కించి చూడవలయును. 1962 నుండి బ్యాంకు డిపాజిట్లకు భీమా కలదు. 2020 నుండి దాని పరిమితి బ్యాంకునకు ఒక్కొక్క డిపాజిటుదారునకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయలు. జిల్లా సహకార బ్యాంకులకును ఇది వర్తించును. గ్రామ ప్రాథమిక పరపతి సంఘములోని డిపాజిట్టునకు మాత్రము వర్తింపదు. కావున సంఘమున అప్పు తెచ్చుకొనుట మేలేయైనను, ఆడపిల్ల పెండ్లి సొమ్మంతయు అచటనే యుంచుటకు ముందు రెండుమార్లు ఆలోచింపవలయును.

పాసుపుస్తకమును చదువలేని వానికి ఏ బ్యాంకైనను ఒక్కటే. మన గ్రంథాలయమున అక్షరము నేర్చిన ప్రతివారును తమ పాసుపుస్తకమునే గాక, చదువురాని పొరుగువాని పాసుపుస్తకమును కూడ చదివి చెప్పుదురుగాక. పట్టాభిగారికి మన మొనర్చు నివాళి యదియే.